ఛీబావ బండికి పట్టిన వణుకు

నేను అద్దెకున్న మేడగదికి కిటికీ ఒక్కటే. అందులోంచి చూస్తే పెరట్లో నిలబెట్టిన లారీ నెత్తి కనిపించేది. లారీల నెత్తిన ఏముంటుందో మేడల మీద కాపరమున్నవాళ్ళకే తెలుసు. ఎండిపోయిన కాకి, చిరుగుల టార్పాలిన్, ఎవరిదో ఒంటి చెప్పు. ఈ లారీ నెత్తి మాత్రం ఎప్పుడు చూసినా తలంటి పోసుకుని వచ్చినట్టుండేది. మా ఇంటాయన నిచ్చెన వేసుకుని ఎక్కి, మోకాళ్ళ మీద పాకుతూ దాన్ని తడిగుడ్డతో తుడిచేవాడు.

"అక్కడెవరు చూస్తారయ్యా?" అనడిగాను వచ్చిన కొత్తలో.

"మీరు చూస్తున్నారుగా, పెద్దాయనా," అన్నాడు గుడ్డ పిండుతూ. పిండిన నీళ్ళ రంగు చూసి, "ఛీ," అన్నాడు.

ఆ మాట వల్లే అతనికి ఛీబావ అని పేరు పడింది. వరసకు బావ కానివాళ్ళూ అలాగే పిలిచేవాళ్ళు. ఏభై దాటిన మనిషి. ఇరవై రెండేళ్ళుగా అద్దాల ఫ్యాక్టరీ నుంచి నిలువెత్తు అద్దాలు మోస్తున్నాడు. టీకొట్లో గ్లాసు అంచు చూసి ఛీ, పక్కబండి డ్రైవరు మెడలో తువ్వాలు చూసి ఛీ, టోలుగేటు దగ్గర చీటీ అందించే చెయ్యి చూసి ఛీ. ప్రపంచంలో అద్దమొక్కటే ముట్టుకోదగ్గ సరుకని అతని నమ్మకం. దాన్ని కూడా వేలిముద్ర పడకుండా ముట్టుకోవాలి.

నా తిరుగుళ్ళలో అసహ్యపడేవాళ్ళని చాలామందిని చూశాను. నేనూ ఆ జాతివాడినే. ఓడరేవు బెంచీల మీద పడుకున్నాను, రైల్వే స్టేషన్ల మరుగుదొడ్లు చూశాను, మనుషులు తిని వదిలేసిన పళ్ళేలు కడిగే పని కూడా చేశాను. మనిషి జాతి మీద గొప్ప అభిప్రాయం మిగలడానికి అవకాశం లేదు. కాకపోతే నాది నోటి అసహ్యం. రెండు తిట్లు తిట్టి పక్కకు తప్పుకుంటాను. ఛీబావది చేతి అసహ్యం. మురికి కనిపిస్తే దాన్ని గీకి పారేసేదాకా అతనికి నిద్రపట్టదు. రెండోదే ఎక్కువ ప్రమాదమని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

ఇంటావిడ టైలరు. ముందుగదిలో మిషను, దాని పక్కన కత్తిరించే బల్ల. ఆవిడ చేతికి దొరికింది ఏదీ పారెయ్యదు. తెగిన జిప్పులు, ఒంటి బొత్తాలు, దారం అయిపోయిన రీళ్ళు అన్నీ డబ్బాల్లో ఉంటాయి. బట్ట మీద కాగితం పరిచి గీత గీసేటప్పుడు కాగితం జరగకుండా నాలుగు మూలలా బరువులు పెట్టుకుంటుంది. తాళం పోయిన తాళంకప్ప, పెద్ద నట్టు ఒకటి, విరిగిన ఇస్త్రీపెట్టె పిడి. ఈ మధ్యే వాటిలో చేరింది నాలుగోది, రెండు బొటనవేళ్ళు పక్కపక్కన పెట్టినంత ఇనప బిళ్ళ. పెరడు ఊడుస్తుంటే దొరికిందట.

ఛీబావ ఆ గదిలోంచి వెళ్ళినప్పుడల్లా ముక్కు చిట్లించేవాడు. "ఛీ, ఛీ. మంచి గుడ్డ మీద ఆ తుప్పు ముక్కలేమిటే? పారెయ్."

"దాని పని అది చేస్తోంది. మీ పని మీరు చూసుకోండి," అనేది ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

ఇక మూడో మనిషి. ఆవిడ తమ్ముడు, మెకానిక్కు. రోడ్డవతల వాడి షెడ్డు. ఆ షెడ్డు గురించి రాయాలంటే ముందు చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. నేల మీద నూనె, దాని మీద రంపప్పొట్టు, దాని మీద మళ్ళీ నూనె. ఇలా ఎన్ని పొరలో. నడిస్తే చెప్పు ఊడి వెనక ఉండిపోతుంది. గోడకు వేలాడే గుడ్డ ఒకప్పుడు చొక్కా. దానితోనే పానాలు తుడుస్తాడు, దానితోనే మెడ తుడుచుకుంటాడు. బోల్టులు పళ్ళ మధ్య పట్టుకుంటాడు. టీ గ్లాసు పక్కన గ్రీజు డబ్బా, రెండింట్లోకీ ఒకటే వేలు. ఒకరోజు సన్నటి తీగముక్కతో చెవి తిప్పుకుని, అదే ముక్కతో ఛీబావ ఇంజనులో నూనె ఎంతుందో చూశాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఇంక నీ షెడ్డు గడప తొక్కితే ఒట్టు," అని ఛీబావ బండి తీసుకుని వచ్చేశాడు.

"బావా, బండికి వాంతులొచ్చాయా?" అని వెనకనుంచి అరిచాడు బావమరిది.

ఆ వేసవిలో కొలిమి మరమ్మతుకని ఫ్యాక్టరీ పదిరోజులు మూశారు. ఛీబావ పెరట్లో టార్పాలిన్ పరిచి, దాని మీద పాత దుప్పట్లు పరిచి, సొంత రిపేరు మొదలుపెట్టాడు. చక్రాలు విప్పి ముందువి వెనక్కి మార్చాడు. చక్రాల హబ్బుల్లో గ్రీజు మార్చాడు. బండి కింద ఇంజను వైపునుంచి వెనక చక్రాల వైపు ఒక పొడుగాటి ఇనప గొట్టం తిరుగుతూ ఉంటుంది, షాఫ్టు అంటారు. దాన్ని దించి కీళ్ళలో అరిగిన శిలువ ఆకారపు క్రాసులు మార్చాడు. విప్పేముందు ఏది ఏ వైపుందో సుద్దతో గుర్తులు పెట్టుకున్నాడు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, పని తెలిసినవాడే.

అంతటితో ఆగితే నేను రాయడానికేమీ ఉండేది కాదు. దించిన ప్రతి ముక్కనీ కిరసనాయిల్లో ముంచి కడిగాడు. గరుకు కాగితం పట్టాడు. అదీ చాలదని గ్రైండరు అద్దెకు తెచ్చి తుప్పు మచ్చ, వెల్డింగు మొటిమ, ఏది చేతికి తగిలితే దాన్ని గీసేశాడు. మధ్యాహ్నమంతా నిప్పురవ్వలు. ఆ పైన రెండు పూతలు నల్లరంగు. చివరిరోజు షాఫ్టును దుప్పటి మీద పడుకోబెట్టి నన్ను పిలిచాడు.

"ఎలా ఉంది?"

"పెళ్ళికొడుకులా ఉంది," అన్నాను.

"చెయ్యి వెయ్యకండి, ఇంకా ఆరలేదు."

ఫ్యాక్టరీ తెరిచాక మొదటి లోడులోనే బండికి వణుకు పట్టింది. వేగం అరవై దాకా ఏమీ లేదు. డెబ్భై దాటగానే మొదలు. అద్దాలు పెట్టే చెక్క చట్రాలు పళ్ళు పటపటలాడించాయట. దించేసరికి రెండు అద్దాలు మూల నుంచి మూలకు చీలి ఉన్నాయి. రెండో లోడులో అయిదు. నెమ్మదిగా పోదామంటే కుదరదు. అవతల అద్దాలు దించే క్రేను వేళకు వస్తుంది, వేళకు పోతుంది, డెబ్భై దాటకపోతే అందదు.

లోడింగు సూపర్‌వైజరు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పగిలిన పెచ్చు ఒకటి బల్ల మీద పెట్టి, "సోమవారం ఇంకో లోడు ఇస్తాను. ఒక్క అద్దానికి గీత పడినా మీ బండి నంబరు గేటు పుస్తకంలోంచి తీసేస్తాను. ఇరవై రెండేళ్ళు తెలిసినవాళ్ళు కాబట్టి ముందే చెబుతున్నా," అన్నాడు.

గేటు పుస్తకంలోంచి తీసేస్తే ఆ రోడ్డు మీద మిగిలింది ఎముకల మిల్లు. వాళ్ళకెప్పుడూ బండ్లు చాలవు, ఎందుకు చాలవో ముక్కున్న ఎవరైనా చెప్పగలరు. కబేళాల నుంచి తెచ్చే ఎముకలు, కొమ్ములు, గిట్టలు, వాటికి అంటుకున్నదీ. ఒకసారి మేం ఆ బండి వెనక ఇరుక్కున్నాం. తొట్టి అడుగు నుంచి ఏదో కారుతోంది, రోడ్డు పొడుగునా ఈగల గీత. ఛీబావ బండి పక్కకు ఆపి, దిగి, కక్కుకుని వచ్చాడు. నేనూ దిగేవాడినే, ఆ పూట కడుపులో ఏమీ లేదు కాబట్టి బతికిపోయాను.

"ఆ తొట్టి నేను కడగను, పెద్దాయనా," అన్నాడు ఫ్యాక్టరీ గేటు నుంచి వస్తూ. "బండి అమ్మేస్తాను, ఆ తొట్టి మాత్రం కడగను." అప్పుడు కూడా అతని చేతులు స్టీరింగుకు చుట్టిన తెల్లటి గుడ్డ మీదే ఉన్నాయి.

గురువారం నుంచి వెతుకులాట. నన్ను పక్కసీటులో కూర్చోబెట్టాడు. ఇంజను మూత మీద నీళ్ళ గ్లాసు పెట్టాడు, కడిగిందే.

"చెప్పండి. వణుకు చేతుల్లోనా, కూర్చున్నచోటనా?"

"కూర్చున్నచోట. తొడల్లోకి ఎక్కుతోంది."

"స్టీరింగు ఊగట్లేదు. అంటే ముందు చక్రాలు కావు."

అయినా నమ్మకం చాలక చక్రాలు మళ్ళీ విప్పి అటూ ఇటూ మార్చాడు. మళ్ళీ రోడ్డెక్కాం. డెబ్భై దగ్గర గ్లాసులో నీళ్ళు ముందు చర్మంలా ముడతలు పడ్డాయి, తర్వాత ఎగిరి నా పంచె మీద పడ్డాయి. శుక్రవారం డెబ్భై అయిదు మీద పోతూ గేరు న్యూట్రల్లోకి తెచ్చాడు. ఇంజను శబ్దం పడిపోయింది, వణుకు మాత్రం అలాగే ఉంది. "ఇంజనుది కాదు," అన్నాడు. "ఛీ," అన్నాడు. ఎవరినన్నాడో తెలియలేదు.

కవాతు చేసే సైనికులు వంతెన మీద అడుగు కలిపి నడవకూడదని ఎప్పుడో చదివాను. అడుగు చిన్నదే, లయ కుదిరితే వంతెన ఊగుతుంది. ఆ మాట అతనికి చెప్పాను. "నా బండిలో ఎవడు కవాతు చేస్తున్నాడో అది చెప్పండి చాలు," అన్నాడు. రోడ్డు పక్క హోటల్లో టీకి ఆగితే, బల్ల తుడిచినవాడు అదే గుడ్డతో గ్లాసులు తుడిచాడు. ఇద్దరం తాగకుండా లేచాం. రెండు రోజుల్లో మా ఇద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

శనివారం పొద్దున షాఫ్టు మళ్ళీ దించాడు. సుద్ద గుర్తులు సరిగ్గా కలిశాయి. కీళ్ళు వెన్నలా తిరుగుతున్నాయి. గొట్టం వంగిందేమోనని దారం పట్టి చూశాడు, వంగలేదు. దుప్పటి మీద అది నల్లగా నిగనిగలాడుతూ పడుకునుంది, దాని పక్కన అతను మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. తప్పు ఎక్కడా కనిపించనంత శుభ్రంగా ఉంది.

ఇంటావిడ రోడ్డు దాటి వెళ్ళి తమ్ముణ్ణి పిలిచి, అటునుంచి అటే కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళిపోయింది.

బావమరిది వచ్చాడు, నోట్లో ఆరిపోయిన సిగరెట్టు. నన్ను చూసి, "బావా, వణుకు చూడ్డానికి ఈయన్ని తీసుకెళ్ళావా? ఈయన ఆగి ఉన్న బండిలో కూడా వణుకుతాడు కదా," అన్నాడు.

"నోరు మూసుకుని చూడు. ముట్టుకోకు."

"ముట్టుకోకుండా చూడ్డానికి నేనేమైనా జ్యోతిష్కుణ్ణా?" వాడు చతికిలబడి, ఆ నల్లటి మునివేళ్ళతో షాఫ్టును ఒక చివర నుంచి ఇంకో చివరకు తడిమాడు. మెరుపు మీద జిడ్డు గీతలు పడ్డాయి. ఛీబావ కళ్ళు మూసుకున్నాడు. "చక్రానిదైతే బండి ఊగుతుంది బావా. ఇది జలదరింపు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఇది నాలుగైదు తిరుగుతుంది." వేళ్ళు మధ్యలో ఆగాయి. వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ వచ్చాయి.

"బిళ్ళ ఏది?"

"ఏ బిళ్ళ?"

"బరువు బిళ్ళ. ఫ్యాక్టరీలో అతికిస్తారు. గొట్టం ఒక పక్క రవ్వంత బరువుంటుంది, రెండో పక్క దానికి సరిపడా బిళ్ళ వేసి సరిచేస్తారు. అది లేకపోతే వేగంలో ఇలాగే కొట్టుకుంటుంది."

ఛీబావ షాఫ్టు వంక చూశాడు. "వంకరగా అతికించారు. చుట్టూ వెల్డింగు చిందులు. ఎవడో చెత్త పని చేశాడనుకున్నాను."

"అనుకుని?"

"గీసేశాను."

బావమరిది నోట్లోంచి సిగరెట్టు కిందపడింది. తర్వాత వాడు నవ్విన నవ్వుకు గోడ మీద పిల్లి దూకి పారిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఒక ఊళ్ళో పాత గ్రంథాలయంలో కొన్నాళ్ళు పుస్తకాలు సర్దాను. అక్కడొక బైండరు ఉండేవాడు, మహా శుభ్రమైన మనిషి. చదివినవాళ్ళు అంచుల్లో రాసుకున్న రాతలన్నీ మురికని, మిషను పెట్టి అంచులు కత్తిరించేసేవాడు. నాలుగు తరాల మనుషులు ఆ పుస్తకాలతో పడిన పోట్లాటలన్నీ బుట్టలో పడ్డాయి. పుస్తకాలు మాత్రం పెళ్ళికూతుళ్ళలా ఉండేవి. ఆ బుట్ట మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. మురికివాళ్ళ వల్ల నాకు ఒంటికి జబ్బులు వచ్చాయి, తగ్గాయి. శుభ్రమైనవాళ్ళ వల్ల పోయింది మాత్రం తిరిగి రాలేదు.

"ఆ బిళ్ళే ఉంటే దాని మచ్చ వెతికి అక్కడే అతికిస్తా," అన్నాడు బావమరిది నవ్వు తుడుచుకుని. "లేకపోతే ఎంత బరువో, ఎక్కడో, నాకు తెలీదు. తూచి సరిచేసే మిషను ఉన్న చోటికి పంపాలి. వారం పడుతుంది."

సోమవారానికి మధ్యలో ఒక్క ఆదివారమే ఉంది.

పెరట్లో చెత్త వారానికోసారి సందు చివర కుప్పలో పోస్తారు. పదిహేను రోజుల చెత్త. ఛీబావ సందు చివరిదాకా నడిచాడు, కుప్ప ముందు నిలబడ్డాడు, చొక్కా చేతులు మడిచాడు. ముందు కర్రతో కదిపాడు. కర్రకు ఇనుము తెలియదు. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ పెట్టాడు. కుళ్ళిన కూరగాయల తొక్కలు, జుట్టు ఉండలు, పసిపిల్లల గుడ్డలు, తడిసి ముద్దయిన పేపర్లు. వాసన గాలిలో కాదు, నాలుక మీద ఉంది. నేను ముక్కుకు పంచె అంచు కట్టుకుని ఒక పక్కనుంచి వెతికాను. నా చేతికి మెత్తగా ఏదో తగిలింది, అదేమిటో రాయను. ఛీబావ ఒక్కసారి కూడా ఛీ అనలేదు. నోరు తెరిస్తే ఈగలు పోతాయనో ఏమో.

గంటన్నర పైనే అయింది. బట్టలిచ్చి వస్తున్న ఇంటావిడ సందు మలుపులో ఆగిపోయింది.

"ఏమండీ! అది మీరేనా?"

అతను మోచేతులదాకా చెత్తలో ఉన్నాడు. తలెత్తలేదు.

"ఏం పోయింది బాబాయిగారూ?" అని నన్నడిగింది. చెప్పాను. ఇనప బిళ్ళ, ఇంతది, గ్రైండరు పెట్టినప్పుడు ఊడిపోయింది అని వేళ్ళతో చూపించాను. ఆవిడ చేతిసంచీ కింద పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని, భర్త వైపు చూసింది.

"రెండు చివర్లూ కాలినట్టుంటుందా?"

"ఆఁ."

"పదిహేను రోజుల నుంచి పారెయ్, పారెయ్ అని నా ప్రాణం తీస్తున్నారే, దాని కోసమా?"

ఛీబావ మెల్లగా తలెత్తాడు. అంత మురికి మొహం మీద అంత తెల్లటి కళ్ళు నేనెప్పుడూ చూడలేదు.

బిళ్ళ కత్తిరించే బల్ల మీదే ఉంది, ఎవరిదో జాకెట్టు చెయ్యి కాగితానికి నాలుగో మూల. అతను రోజూ చూసి ముక్కు చిట్లించిన చోటే. తీసుకోబోతే ఆవిడ చేతి మీద ఒక్కటేసింది. "ఆ చేతులతో గుడ్డ ముట్టుకుంటే చంపుతా. ముందు గీత గీసుకోనివ్వండి." గీత అయ్యేదాకా అతను గుమ్మంలో నిలబడ్డాడు, చేతులు ఒంటికి దూరంగా పెట్టుకుని. నేను కూడా.

ఆదివారం పొద్దున ఛీబావ షాఫ్టును భుజానికెత్తుకుని షెడ్డు గడప తొక్కాడు. బావమరిది బావ పెట్టుకున్న ఒట్టు గురించి ఏమీ అనలేదు, అదొక్కటే వాడిలో మర్యాద. రంగు గీకితే కింద రెండు మెరుపు మచ్చలు బయటపడ్డాయి. బిళ్ళ పెడితే మచ్చకు మచ్చ అతికింది. వాడు వెల్డింగు పెట్టాడు. ఎప్పటిలాగే వంకరగా, చుట్టూ చిందులతో, నల్లటి పొక్కులతో. చూడ్డానికి కుళ్ళిన పన్నులా ఉంది.

"దీనికి రంగెయ్యకు బావా. గరుకు కాగితం పట్టకు. అసలు దీని వంక చూడకు."

"పట్టుకో," అన్నాడు ఛీబావ. షాఫ్టు బిగించేటప్పుడు బోల్టు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేకపోతే, దాన్ని తన పళ్ళ మధ్యే పెట్టుకున్నాడు. బండి కింద పడుకుని నేను స్వయంగా చూశాను.

సోమవారం వెళ్ళాం. అరవై అయిదు దగ్గర అతను ఊపిరి బిగబట్టాడు. డెబ్భై. డెబ్భై అయిదు. ఎనభై. ఇంజను మూత మీద గ్లాసులో నీళ్ళు కొద్దిగా పక్కకు ఒరిగాయి, అంతే. ఆ రోడ్డు కూడా అసహ్యంగానే ఉంది. రెండు పక్కలా ప్లాస్టిక్కు, చచ్చిన కుక్కలు, ఎవరికీ అక్కర్లేని ప్రకటనలు. ఎముకల బండి ఒకటి ఎదురొచ్చింది. ఛీబావ కిటికీ అద్దం ఎత్తలేదు. దాని డ్రైవరు చెయ్యెత్తితే ఇతనూ చెయ్యెత్తాడు.

దించే చోట సూపర్‌వైజరు పంపిన మనిషి ప్రతి అద్దాన్నీ ఏటవాలుగా వంచి వెలుతురులో చూశాడు. అంచుల వెంబడి వేలు పోనిచ్చాడు. నలభై అద్దాలు. చివరిది చూసి, కాగితం మీద సంతకం పెట్టి, "గురువారం మళ్ళీ లోడుంది, పొద్దున్నే రండి," అన్నాడు.

ఇంటికి రాగానే ఇంటావిడ గుమ్మంలోనే ఎదురయింది. పగిలాయా అని అడగలేదు, మొగుడి మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"నా బరువేది?"

"ఏ బరువు?"

"నాలుగో మూలకు. కాగితం ఎగిరిపోతోంది. మీ బండికి ఇచ్చేశాను కదా."

అతను వచ్చిన దారినే రోడ్డు దాటి వెళ్ళాడు. నేను మేడమెట్ల మీద నుంచి చూస్తున్నాను. షెడ్డు నేల మీద ఆ పొరల్లో కాలితో కెలికి, వంగి, ఏదో పీకాడు. నేల వదల్లేదు, రెండుసార్లు లాగాల్సివచ్చింది. విరిగిన లారీ కమాను ముక్క, దాన్నిండా జిడ్డు, రంపప్పొట్టు. అలాగే ఉతికిన చొక్కా జేబులో వేసుకుని వచ్చాడు. జేబు కింద నల్లటి మచ్చ మెల్లగా పెద్దదవుతోంది.

"తుడవలేదే?" అన్నాను.

"అందులో ఏది మురికో, ఏది కాదో నాకేం తెలుసు, పెద్దాయనా," అన్నాడు. "ఆవిణ్ణే తుడుచుకోనివ్వండి."

లోపల్నుంచి ఇంటావిడ గొంతు వినిపించింది. "ఛీ! ఇదేమిటండీ!"